చేతికి అంటుకున్న మాటలు

థంబ్ స్పెల్లింగు చివర ఆ బి ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? చిన్నప్పుడు డిక్టేషన్‌లో అది మర్చిపోయి నేను మార్కు పోగొట్టుకున్నా. తీరా చూస్తే పాత ఇంగ్లీషులో ఆ మాట "థూమా". అందులో బి లేనే లేదు! 13వ శతాబ్దం నుంచి వచ్చి తగులుకుంది. పాత కోడ్‌లో ఎవరూ పిలవని ఫంక్షన్‌లాగా, తీసేసే నాథుడు లేక అలాగే ఉండిపోయింది. అసలు అర్థం మాత్రం "ఉబ్బినది". ట్యూమర్‌కీ దీనికీ మూలం ఒకటే.

ఫింగర్, ఫిస్ట్ రెండూ "ఐదు" అనే పాత మాట నుంచి పుట్టి ఉంటాయని భాషావేత్తల అంచనా. అదే నిజమైతే మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న "పంచ"కి అవి దూరపు చుట్టాలన్నమాట. నెయిల్ అయితే "నఖం"కి చుట్టమే. రిస్ట్ అంటే మెలితిరిగేది.

ఇక అసలు విషయానికొస్తాను. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచారు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళలో కోర్టు, జడ్జి, టాక్స్, ఆర్మీ లాంటి మాటలన్నీ ఫ్రెంచి నుంచి వచ్చి పడ్డాయి. కానీ హ్యాండ్, ఫింగర్, థంబ్, నెయిల్, రిస్ట్ కదల్లేదు. అరచేతి మాట ఒక్కటే ఓడిపోయింది. పాత ఇంగ్లీషు "ఫోల్మ్" పోయి, లాటిన్ "పల్మా" ఫ్రెంచి మీదుగా వచ్చి పామ్ అయి కూర్చుంది.

డిజిట్ కూడా లాటిన్‌లో వేలే. వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి అంకె అయింది. 1942లో జార్జ్ స్టిబిట్జ్ లెక్కల యంత్రాలకి "డిజిటల్" అన్న పేరు సూచించాడు. ఇప్పుడు మనందరికీ అన్నం పెడుతున్నది ఆ మాటే!

ఆఫీసులో సర్వరు, డేటాబేసు అంటే తెలుగు చచ్చిపోతోందని బాధపడేవాళ్ళని చూస్తుంటాను. నాకు ఆ భయం లేదు. అంతకంటే ఎక్కువ మాటలు అరువు తెచ్చుకుని కూడా ఇంగ్లీషు బతికింది. ఇంట్లో పిల్లాడికి వేలు తెగితే "ఫింగర్ కట్ అయింది" అని మనమే నేర్పుతున్నామే, నా భయమల్లా అక్కడ. కోర్టు మాట పోతే భాషకేం కాదు. చేతి మాట పోతేనే ఆలోచించాలి. ఏమంటారు?