కుడి పక్కకి కొత్త కొలత

బెజవాడ బీసెంట్ రోడ్డు పదకొండింటికే కిక్కిరిసిపోయింది. దువ్వెనలూ క్లిప్పులూ అమ్మే తోపుడుబళ్ల మధ్య నుంచి అక్క ఎడమ భుజం ముందుకు పెట్టి దారి చేసుకుంటోంది. కుడి చెయ్యి పొట్టకి ఆనించి పట్టుకుంది. ఎవరి మోచెయ్యీ అటు తగలకుండా నేను ఆ పక్కనే నడుస్తున్నాను. నాలుగడుగులకోసారి పైట అంచు లాగి జాకెట్టు మీదకి సర్దుకుంటోంది. పైట వెళ్లేది ఎడమ భుజం మీదకి కాబట్టి ఎడమ రొమ్ము కుచ్చిళ్ల చాటున ఉండిపోతుంది. బయటికి కనబడేది కుడి పక్కే. డాక్టర్లు తీసింది ఆ కుడి రొమ్మునే.

లోదుస్తుల షాపులో కౌంటరు అవతల ఉన్న కుర్రాడు మా మొహాల వంక చూసీ చూడకుండా, "సైజెంతమ్మా?" అంటున్నాడు.

"38" అంటుంది అక్క. ఆపరేషన్‌కి ముందు నాటి లెక్క అది. "వైరు ఉండకూడదు బాబూ. మెత్తటి కాటన్‌ది, ముందు హుక్కులది కావాలి."

"ముందు హుక్కులంటే ఫీడింగ్‌వే ఉంటాయమ్మా. బాలింతకా?"

అక్క కాదన్నట్టు తల ఊపుతుంది. అతను మరో మూడు అట్టపెట్టెలు దించుతాడు. ఒకదానికి వైరు లేదు గానీ కప్పు నిండా దళసరి స్పాంజి. రెండోది తల మీంచి దించుకోవాల్సిన స్పోర్ట్స్ బ్రా. మూడోది మెత్తగానే ఉంది, కానీ కప్పు మధ్యలో అడ్డంగా ఒక కుట్టు వచ్చింది, సరిగ్గా అక్క ఒంటి మీద మచ్చ వెళ్లే దారిలో. ఆ కుట్టుని చూపుడువేలితో రుద్ది చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేస్తోంది.

"వేసుకుని చూడొచ్చా?" నేను అడుగుతాను.

"ఇన్నర్స్‌కి ట్రయల్ లేదు మేడమ్. తీసుకున్నాక మార్చడం కూడా కుదరదు."

ఆ అబ్బాయి మీద నాకు కోపం రావడం లేదు. యజమాని పెట్టిన నియమం చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. కానీ వేసి చూడకుండా కొనే స్థితిలో అక్క లేదు. ఎందుకు లేదో ఈ కౌంటరు ముందు, పక్కన మరో ఇద్దరు నిలబడి ఉండగా చెప్పుకోవడం కుదరని పని.

రొమ్ముతో పాటు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. భుజం బిగుసుకుంది. రోజూ పొద్దున్నే గోడ ముందు నిలబడి వేళ్లని కొంచెం కొంచెంగా పైకి పాకిస్తుంది. ఇప్పుడు చెయ్యి చెవి దాకా వస్తోంది, వీపు వెనక్కి మాత్రం ఇంకా తిరగదు. అంటే వెనక హుక్కులు పెట్టుకోలేదు, తల మీంచి దించుకునేవి వేసుకోలేదు. గ్రంథులు పోయాక ఆ చేతిలోని ద్రవం వెనక్కి మళ్లే దారులు తగ్గిపోయాయి. సన్నటి పట్టీ భుజాన్ని అదిమినా, చంక కింద ఎలాస్టిక్ బిగిసినా చెయ్యి వాస్తుందేమోనని భయం. రేడియేషన్ పడిన మేర చర్మం నల్లబడి, పొడిబారి, చిన్న రాపిడికే మండుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అక్కడ స్పర్శ లేకపోవడం ఒక ఎత్తు. సర్జరీలో చంక దగ్గరి సన్నటి నరాలు తెగడం వల్ల మచ్చ చుట్టూ, చెయ్యి పైభాగం లోపలి వైపు ఆమెకి మొద్దుబారిపోయింది. ఎలాస్టిక్ కోస్తున్నా తెలియదు. హాయిగా ఉందా అక్కా అంటే ఉందనే చెబుతుంది, నిజమనుకునే చెబుతుంది. సాయంత్రం విప్పి చూస్తే ఎర్రగా గీత పడి ఉంటుంది. చర్మం చెప్పలేని మాట కళ్లే చూసి చెప్పాలి. అందుకే ఆమెకి అద్దం కావాలి, తలుపు వేసుకునే గది కావాలి, వేసుకున్నది ఒంటి మీద కాసేపు ఉంచుకునే తీరిక కావాలి.

డిశ్చార్జి రోజున ఇచ్చిన కాగితంలో మాత్రల పేర్లున్నాయి. డ్రైన్ గొట్టంలోకి వచ్చిన ద్రవాన్ని కొలిచి రాసుకోమని ఉంది. కట్టు మార్చే తేదీ ఉంది. ఒంటి మీద ఏం వేసుకోవాలో ఎక్కడా లేదు. ఆ పూట అక్క బావ చొక్కా వేసుకుని ఇంటికి వచ్చింది. తర్వాత నెలల తరబడి వదులు నైటీలే. బయటికి వెళ్లాల్సి వస్తే పాత బ్రాలో చేతిరుమాలు మడిచి పెట్టుకునేది. నాలుగు మెట్లు ఎక్కేసరికి అది గొంతు దగ్గరికి జరిగేది. ఆమె పెళ్లిళ్లకి వెళ్లడం మానేసిందని మేమంతా అనుకున్నాం గానీ, దానికి ఇదే కారణమని ఎవరికీ తట్టలేదు.

అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆవిడకి 1952లో ఇదే ఆపరేషన్ అయింది. బయటికి వచ్చాక చెయ్యి ఎలా కదపాలో, ఏం వేసుకోవాలో చెప్పే దిక్కు లేదు. ఆవిడ తనంతట తానే ఆస్పత్రులకి వెళ్లి, ఆపరేషన్ అయిన ఆడవాళ్ల మంచాల పక్కన కూర్చుని వ్యాయామాలు నేర్పించడం మొదలుపెట్టారు. బ్రాలో పెట్టుకోవడానికి తాత్కాలికంగా ఒక మెత్తటి ప్యాడ్ కూడా పట్టుకెళ్లేవారు. 'రీచ్ టు రికవరీ' అలా పుట్టింది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. డెబ్బై ఏళ్ల కిందటే ఒక రోగికి తట్టిన సంగతి అక్క కాగితంలో ఒక్క వాక్యంగా కూడా లేకపోవడం నాకు మింగుడుపడదు. కుట్లు విప్పడం ఎంత వైద్యమో ఆ కుట్ల మీద ఏ గుడ్డ వేయాలో చెప్పడమూ అంతే వైద్యం.

షాపు దిగి ఆటో ఎక్కాం. సూర్యారావుపేటలో ఆస్పత్రులూ స్కానింగ్ సెంటర్లూ దాటి ఒక మేడ ముందు దిగుతున్నాం. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చెప్పిన చోటు ఇది. బోర్డు మీద నడుము బెల్టులూ మోకాలి పట్టీల బొమ్మలే ఉన్నాయి, మా పని గురించి ఒక్క ముక్క లేదు. పైన గదిలో యాభై దాటిన ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచి, తలుపు గడియ వేసి, కిటికీ తెర లాగుతోంది.

"ముందు మంచినీళ్లు తాగండి. తొందరేం లేదు. రేడియేషన్ అయి ఎన్నాళ్లయిందమ్మా?"

అక్క చెబుతుంది. చర్మం ఎక్కడైనా పగిలిందా, చెయ్యి బరువుగా ఉంటోందా, బ్రాలో సిలికాన్ ప్యాడు వాడొచ్చని డాక్టరు గారు చెప్పారా అని ఒక్కొక్కటీ అడుగుతుంది ఆవిడ. అప్పుడు గానీ టేపు చేతిలోకి తీసుకోలేదు. రొమ్ము కింద చుట్టుకొలత తీసి, ఇప్పుడు 40 వచ్చిందని చెబుతోంది. మందులతో ఒళ్లు మారుతుంది, పాత సైజు పట్టుకుని తిరగకూడదు అంటోంది. తర్వాత ఛాతీ ఎముక మధ్యలో టేపు పెట్టి, ఎడమ రొమ్ము మీదుగా వెన్నుపూస దాకా లాగి, దాన్ని రెట్టింపు చేస్తుంది.

"ఉన్న పక్కనే రెండుసార్లు లెక్కేస్తాం. లేని పక్క కొలిస్తే లెక్క తప్పుతుంది."

బీరువాలోంచి తీసిన బ్రా చూడ్డానికి సాదాగా ఉంది. చేతుల్లోకి తీసుకుని తిరగేస్తే తేడాలు తెలుస్తున్నాయి. భుజం పట్టీలు రెండు వేళ్ల వెడల్పు. చంక కింద గుడ్డ ఎత్తుగా వెడల్పుగా ఉంది, బరువు ఒక్కచోట గుచ్చకుండా పరుచుకోవడానికి. రెండు కప్పుల మధ్య భాగం ఛాతీకి బల్లపరుపుగా అంటుకోవాలట, అక్కడ లేస్తే ప్యాడు కదిలిపోతుంది. కప్పు పై అంచు కాస్త ఎక్కువ పైకి వచ్చి, సర్జరీలో గుంటపడిన చోటుని కప్పుతుంది. లోపల పల్చటి నూలు జేబు. కుట్లన్నీ బయటివైపే.

అక్క వేసుకోవడానికి తటపటాయిస్తోంది. ఆవిడ అది చూసి, మాట్లాడకుండా తన పైట కొంచెం పక్కకి తీసి, "ఇందులో ఏది నాదో చెప్పండి" అంటోంది. అక్క చెయ్యి చాపి ఆగిపోయింది. "ముట్టుకోండి, పర్లేదు." అక్క ముందు ఒకటి, తర్వాత రెండోది తాకి చూస్తుంది. చెప్పలేకపోయింది. "ఎడమది తీశారు, తొమ్మిదేళ్లయింది" అంటోంది ఆవిడ.

నాకు రూత్ హ్యాండ్లర్ గుర్తొస్తోంది. బార్బీ బొమ్మని సృష్టించిన మనిషి. 1970లో ఆవిడకి రొమ్ము తీసేశారు. అప్పట్లో దొరికే కృత్రిమ రొమ్ములు నచ్చక, తనే ఒకటి తయారుచేయించి 'నియర్లీ మీ' పేరుతో అమ్మారు. చెప్పుల జతకి కుడీ ఎడమా ఉన్నట్టే వీటికీ కుడి వేరు, ఎడమ వేరు ఉండాలని పట్టుబట్టారు. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో తన ఛాతీనే చూపించి ఏది అసలుదో చెప్పమనేవారు. 1974లో ఆపరేషన్ అయిన బెట్టీ ఫోర్డ్ కూడా వాటిని వాడినవాళ్లలో ఒకరు. ఆనాటి అమెరికా అధ్యక్షుడి భార్య దగ్గర నుంచి బెజవాడలో మా అక్క దాకా ఎవరికైనా ఈ ధైర్యం ఇచ్చేది అదే దారిన నడిచొచ్చిన మరో ఆడమనిషి తప్ప కేటలాగు కాదు.

అక్క చేతిలో ఇప్పుడు సిలికాన్ ప్యాడు ఉంది. బరువుకి ఆశ్చర్యపోయి నాకు అందిస్తోంది. నిజంగానే బరువు. అది కావాలనే పెట్టిన బరువు. ఒక పక్క తేలికైపోతే ఆ భుజం పైకి లేస్తుంది, బ్రా అటే ఎక్కుతుంది, మెడా వీపూ నొప్పి పడతాయి. జేబులో పెట్టుకుని, ముందు హుక్కులు తనే పెట్టుకుని అక్క అద్దం వైపు తిరిగింది. కానీ ఆవిడ అద్దం చూడనివ్వడం లేదు.

"ముందు కూర్చోండి. లేవండి. వంగి కింద పడ్డ వస్తువు తీస్తున్నట్టు చేయండి. ఇప్పుడు రెండు చేతులూ ఎత్తండి."

కుడి చెయ్యి చెవి దగ్గర ఆగింది. బ్రా కింది అంచు కూడా చేత్తో పాటు లేచింది. ఇది కాదు. ఇంకో మోడల్. అది వేసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ అక్క పిల్లల కబుర్లు చెబుతోంది. కాసేపటికి విప్పించి చంక కింద చూస్తే సన్నగా ఎరుపు గీత కనబడింది. అక్కకి ఏమీ తెలియలేదు. ఇదీ కాదు. మూడోది పక్క ఇంకా వెడల్పు, రంగు మాత్రం పేలవమైన గోధుమ. దాని కింద గీత పడలేదు. అంచు కింద రెండు వేళ్లు దూర్చి, "ఇంతే బిగువు. భుజాలు మోయకూడదు, ఈ కింది పట్టీ మోయాలి" అని చెబుతోంది ఆవిడ.

అప్పుడు ఆవిడ చూపు అక్క మెడ మీద ఆగింది. మంగళసూత్రానికి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. "ఇవి తీసేయాలమ్మా. పైటకి పెట్టే పిన్ను కూడా జాగ్రత్త. ఒక్క పోటుకి సిలికాన్ పాడైపోతుంది." అక్క అక్కడికక్కడే పిన్నీసులు తీసి నా చేతిలో పోస్తోంది. రోజూ నీళ్లతో, మెత్తటి సబ్బుతో కడగాలి. దాని పెట్టెలోనే పడుకోబెట్టాలి. వేలల్లో ఖరీదు, బిల్లు చూసి అక్క పెదవి కొరుక్కుంటుంది.

"అంత పెట్టలేని వాళ్ల సంగతేంటండీ?" అని అడిగాను.

ఆవిడ సొరుగు లాగి, నూలు దారంతో అల్లిన గుండ్రటి ప్యాడు ఒకటి తీసింది. లోపల తేలికైన దూది లాంటి నింపు. ముంబైలోని సాయిషా లాంటి సంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేసే ఆడవాళ్లు ఇలాంటివి అల్లి ఉచితంగా పంపుతారు. నింపు తీసేయొచ్చు, పెంచుకోవచ్చు. రొమ్ములో కొంత భాగమే తీసినవాళ్లు తమ లోటు ఎంతో అంతే పెట్టుకోవచ్చు. బెజవాడ మే నెల ఎండలో సిలికాన్ కింద చెమట కారుతుంటే ఇదే నయం అంటోంది ఆవిడ. తేలికగా ఉంటుంది కాబట్టి పైకి జరుగుతుంది, అదొక్కటే లోపం. "ఇంట్లో ఏదీ వేసుకోకపోయినా తప్పేం లేదమ్మా. మీకు బాగుంటే పెట్టుకోండి. ఎవరో చూస్తారని కాదు." ఆ చివరి మాట దగ్గర అక్క తలెత్తి ఆవిడని సూటిగా చూసింది.

2022లో మన దేశంలో దాదాపు 1,92,000 మంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. ఇంతమందిలో ఎందరికి ఇలా గడియ వేసిన గదీ, చూసి చెప్పే కళ్లూ దొరుకుతాయి? కాన్పు తర్వాత వేసుకునేవి ప్రతి షాపులో దొరుకుతున్నప్పుడు ఇవి ఎందుకు దొరకకూడదు?

సాయంత్రం సత్యనారాయణపురంలో టైలరమ్మ ఇంటి వరండాలో కూర్చున్నాం. కుట్టుమిషను పక్కన పీట మీద అక్క పాత బ్రాలు నాలుగు. ఖరీదైనది ఒక్కటే కొన్నాం, మిగతావి ఇక్కడే బాగుచేయించుకోవాలి. టైలరమ్మ ఒకదాన్ని తిరగేసి, కొత్తదాని లోపలి జేబుని వేళ్లతో కొలుస్తోంది.

"దీనికి మల్లు గుడ్డ సాగదండీ. బనియన్ గుడ్డ వేస్తా. నోరు చంక వైపు ఉంచుతా, మీ ఎడం చేత్తోనే పెట్టుకోవచ్చు. వెనక హుక్కులు విప్పేసి అక్కడ మూసి కుట్టేస్తా, ముందు కోసి హుక్కులూ కాజాలూ పెడతా. చంక కింద రెండంగుళాల పట్టీ కలుపుదాం."

ఎంతో శ్రద్ధ పెట్టి ఆమె తన పనిముట్లతోనే లెక్క వేసేసింది. వైద్యం పుస్తకం ఏదీ చదవకుండా ఆమె పట్టుకున్న సంగతి పెద్ద పెద్ద బ్రాండ్లకి ఎందుకు పట్టలేదో.

జాకెట్టు కొలతలు మొదలయ్యాయి. మెడ కాస్త పైకి. టక్కులు రెండు పక్కలా సమంగా, ప్యాడు పెట్టుకున్నాకే కొలవాలి. కుడి చెయ్యి ఎడమకన్నా కొంచెం లావుగా ఉందని టేపు చెబుతోంది. టైలరమ్మ అక్క మొహం వంక చూసి, పుస్తకంలో 'కు. చె. అర అంగుళం వదులు' అని రాసుకుంటోంది. చంక కోత కూడా వదులు పెడతానంటోంది.

"గురువారానికి ఇచ్చేస్తానండీ."

"గురువారం పొద్దున్నే తెనాలి బయల్దేరాలి, మేనకోడలి పెళ్లి. బుధవారం సాయంత్రానికి ఒక్క ఎర్ర జాకెట్టైనా ఇవ్వు" అంటోంది అక్క. "మిగతావి తర్వాత నెమ్మదిగా కుట్టుకో."