సాకులు వేరు, లెక్క ఒక్కటే

తరగతిలో చరిత్ర చెప్పేటప్పుడు పిల్లలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "సార్, తెల్లవాళ్ళు ఏ హక్కుతో ఇన్ని దేశాలను ఏలారు?" యూరప్ దీనికి ఒక్క జవాబు చెప్పలేదు. సమయానికి తగిన జవాబు చెప్పింది. ఆ జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగి, తనకు ఖురాన్ మీద గౌరవమున్నదనీ, మమ్లూకుల జులుం నుండి ప్రజలను విడిపించ వచ్చాననీ అరబ్బీలో ప్రకటన వేయించాడు. 1830లో ఫ్రాన్సు అల్జీర్సును ఆక్రమించినప్పుడు మాత్రం తన పరువు పోయిందన్నది. ఫ్రాన్సు తీర్చని గోధుమల బాకీ మీద మాటామాటా పెరిగి, 1827లో అక్కడి పాలకుడు హుసేన్ ఫ్రెంచి కాన్సలును విసనకర్రతో కొట్టాడు. ఆ అవమానమే యుద్ధానికి సాకు.

మన హైదరాబాదు సంగతి దీనికి తలక్రిందులు. ఇక్కడ బాకీపడ్డది నిజామేనన్నారు. కంటింజెంట్ సైన్యం ఖర్చు బకాయి కింద 1853లో కంపెనీవారు బీరారును తమ అధీనం చేసుకొన్నారు. అక్కడ బాకీ ఉన్నవాడు రాజ్యం తీసుకున్నాడు. ఇక్కడ బాకీ రావలసినవాడు తీసుకున్నాడు. బాకీ ఎవరిదైనా భూమి మాత్రం యూరపువారికే పోయింది!

పరిపాలనకు చెప్పిన న్యాయమూ ఇట్లాగే ఎదురెదురు. స్థానికులను తమవంటి వారిగా తీర్చిదిద్దుతామని ఫ్రెంచివారన్నారు. కాని 1865 శాసనం ప్రకారం అల్జీరియా ముస్లిం పూర్తి పౌరుడు కావాలంటే తన షరియత్ వ్యక్తిగత చట్టాన్ని వదులుకోవాలి. ఉత్తర నైజీరియాలో ఆంగ్లేయుడు లుగార్డ్ అమీర్లనూ, ఖాజీ కోర్టులనూ అట్లాగే ఉంచాడు. వారిపైన బ్రిటిషు రెసిడెంటును కూర్చోబెట్టాడు. ఒకరు మార్చడం న్యాయమన్నారు, ఒకరు మార్చకపోవడం న్యాయమన్నారు. పెత్తనం వదులుకోవడం న్యాయమని ఇద్దరూ అనలేదు.

1885 జూలైలో ఫ్రెంచి చట్టసభలో జూల్స్ ఫెర్రీ, ఉన్నత జాతులకు తక్కువ జాతుల మీద హక్కున్నదన్నాడు. వారిని నాగరికులను చేసే బాధ్యత ఉంది గనుక ఆ హక్కు అన్నాడు. అదే ఉపన్యాసంలో ఫ్రెంచి సరుకుకు మార్కెట్లు కావాలనీ అన్నాడు. క్లెమెన్సో లేచి, మనం ఓడినప్పుడు జర్మను పండితులు మననే తక్కువ జాతి అన్నారు గదా అని గుర్తుచేశాడు. మంచి జవాబే. కాని ఆ క్లెమెన్సో ప్రధానిగా ఉండగానే 1907లో ఫ్రెంచి సైన్యం కాసాబ్లాంకాలో దిగింది.

కనుక పిల్లలకు మేము చెప్పేది ఇదే. "మీ మేలు కోసమే వచ్చాం" అన్నవాడి మాట వినండి, కాని హిసాబు కూడా అడగండి. భూమి ఎవరి పేర మారింది? పన్ను ఎవరు కట్టారు? ఏలికను కాదనే హక్కు ఎవరికుంది? పరాయివాడి సాకును తూచిన తరాజులోనే మనం అభిమానించే పాదుషాల దండయాత్రలనూ తూచాలి. అది కష్టమే. అయినా రెండు తరాజులు పెట్టుకున్నవాడికి ఇన్సాఫ్ అడిగే అర్హత ఉండదు.