మెదడుకు దారి దొరికింది... మన్యానికి?

అరకు లోయ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మార్గాన దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ మలుపులన్నీ దిగి, శృంగవరపుకోట మీదుగా వెళ్లాలి. కొత్తవలస-కిరండూల్ మార్గంలో రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ నాలుగు గంటలు. పర్యాటకులకు ఇది ముచ్చటైన ప్రయాణం. తెల్లారి లేస్తూనే మూతి వంకరపోయి, మాట ముద్దయి, కుడిచెయ్యి పడిపోయిన రైతును అదే దారిలో దించాల్సి వస్తే ప్రతి నిమిషమూ నష్టమే. మెదడుకు రక్తం అందించే పెద్ద ధమనిలో గడ్డ అడ్డుపడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు.

ఆ గడ్డను పుర్రె తెరవకుండానే తీసే నిపుణులు ఇవాళ ఉన్నారు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని మెదడు దాకా నడిపి, గడ్డను బయటికి లాగేస్తారు. వారినే ఇంటర్వెన్షనల్ న్యూరోరేడియాలజిస్టులు అంటారు. వందేళ్లు నిండబోతున్న ఈ విద్య చరిత్ర చూస్తే, మన్యానికి ఏం అందాలో, ఎక్కడ ఆగిపోయిందో కూడా అర్థమవుతుంది.

చూడటమే ఒక విజయం

1923. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడిన రోజులు. ఆ ఏడాదే విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, నేటి ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలయ్యాయి. బతికున్న మనిషి మెదడులోని రక్తనాళాలు ఎలా ఉంటాయో ఎక్స్‌రేలో స్పష్టంగా చూపించే పద్ధతి అప్పటికి ఎక్కడా లేదు. ఎక్స్‌రే పుర్రె ఎముకను చూపించేది తప్ప లోపలి నాళాలను చూపించలేకపోయేది.

నాలుగేళ్ల తర్వాత, 1927లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో నాడీవైద్యుడు ఎగాస్ మొనిజ్ ఆ తెర తొలగించారు. మెడలోని ధమనిలోకి సోడియం అయొడైడ్ ద్రావణం ఎక్కించి వెంటనే ఎక్స్‌రే తీశారు. మెదడు నాళాలు కొమ్మలు రెమ్మలుగా ఫిల్ముపై కనిపించాయి. యాంజియోగ్రఫీ అలా పుట్టింది. అయితే దానికోసం మెడ కోసి ధమనిని బయటపెట్టాల్సి వచ్చేది.

ఆ కోత అవసరాన్ని స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ ఐవార్ సెల్డింగర్ 1953లో తప్పించారు. సూదితో నాళాన్ని గుచ్చి, సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టాన్ని లోపలికి నెట్టాలి. ఆయన చెప్పిందంతా ఇంతే. గొట్టాలతో చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లలో నేటికీ పని మొదలయ్యేది ఈ వరసలోనే.

చూసిన చేతులే చికిత్సకు దిగాయి

నాళాన్ని చూడగలిగినప్పుడు లోపలే బాగు చేయకూడదా? 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రేడియాలజిస్టు చార్లెస్ డాటర్ ఒక వృద్ధురాలి కాలిలో మూసుకుపోయిన ధమనిని గొట్టంతోనే తెరిచారు. మెదడు విషయంలో పెద్ద అడుగు మాస్కోలో పడింది. మే డే ఊరేగింపులో జనం దారాలు కట్టిన బెలూన్లను ఆడించడం చూసిన నాడీ శస్త్రవైద్యుడు ఫ్యోదర్ సెర్బినెంకోకు ఆలోచన తట్టింది. గొట్టం కొసన చిన్న బెలూన్ పెట్టి, నాళంలో చెడిన చోట ఉబ్బించి, అక్కడే వదిలి వచ్చే పద్ధతిని ఆయన తయారుచేశారు. 1974లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

తర్వాతి మలుపు ఇటలీ వైద్యుడు గిడో గుగ్లియెల్మిది. ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే అన్యూరిజం అంటారు. అది పగిలితే ప్రాణాంతకం. గుగ్లియెల్మి ఆ ఉబ్బులోకి మెత్తని ప్లాటినం తీగచుట్టను పంపి, సన్నని విద్యుత్తుతో అక్కడే విడిపోయేలా చేశారు. లాస్ ఏంజెలెస్‌లో 1990లో తొలి రోగికి దాన్ని వాడారు. శస్త్రచికిత్సనూ ఈ కాయిల్ పద్ధతినీ పోల్చిన ఐశాట్ పరిశోధన 2002లో వెలువడింది. ఏడాది తర్వాత మరణించినవారు, పరాధీనులైనవారు శస్త్రచికిత్స వర్గంలో నూటికి 30.6 మంది, కాయిల్ వర్గంలో 23.7 మంది.

గడియారాన్ని వెనక్కి నెట్టిన ఏళ్లు

రక్తపు గడ్డ వల్ల వచ్చే పక్షవాతానికి 1995లో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని తేలింది. మొదట మూడు గంటల గడువు, తర్వాత నాలుగున్నర గంటలు. పెద్ద ధమని మూసుకుపోతే మాత్రం మందు తరచూ చాలేది కాదు. 2015లో వరసగా వెలువడిన అయిదు పరిశోధనలు దీనికి జవాబిచ్చాయి. వాగులో వలేసి చేపను లాగినట్టు, జాలీ స్టెంట్‌తో గడ్డను పట్టి లాగేయడమే ఆ చికిత్స. కాల్గరీలో పనిచేసే భారత సంతతి న్యూరోరేడియాలజిస్టు మయాంక్ గోయల్ ఆధ్వర్యంలో 1,287 మంది రోగుల వివరాలను కలిపి చూస్తే, ఇద్దరు ముగ్గురికి ఈ చికిత్స చేస్తే అందులో ఒకరికి వైకల్యం తగ్గుతున్నట్టు తేలింది.

మన్యానికి అన్నిటికంటే ముఖ్యమైనది 2018. మెదడులో ఇంకా బతికున్న భాగాన్ని స్కానింగ్‌లో గుర్తించగలిగితే, తగిన రోగుల్లో 24 గంటల దాకా గడ్డ తీయవచ్చని డాన్ పరిశోధన చూపింది. చికిత్స పొందినవారిలో నూటికి 49 మంది తమ పనులు తాము చేసుకోగలిగారు. పొందనివారిలో 13 మందే. గడ్డ తీయడానికి అంతకుముందున్న ఆరు గంటల గడువులో మన్యంలోని ముంచంగిపుట్టు, పెదబయలు గూడేలకు చోటే లేదు. 24 గంటల్లో ఉంది. ఆలస్యం ఫరవాలేదని దీని అర్థం కాదు. దూరాన ఉన్నారన్న కారణంతో ఎవరినీ ముందే వదిలేయకూడదని అర్థం.

మన దగ్గర ఈ విద్య

దేశంలో నాడీ శస్త్రచికిత్స 1949లో వెల్లూరులో జేకబ్ చాందీతో, మరుసటేడు మద్రాసులో బి.రామమూర్తితో వేళ్లూనుకుంది. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఆ విభాగానికి పునాది వేసినవారు డాక్టర్ ఎస్.బాలపరమేశ్వరరావు. నాళంలోంచి చేసే చికిత్సకు తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ, బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్ శిక్షణ కేంద్రాలయ్యాయి. ఎంబీబీఎస్, రేడియాలజీలో ఎండీ, ఆపైన డీఎం అంటే పదకొండేళ్లు పైబడిన చదువు. సీసపు ఏప్రాన్ మోస్తూ, రెండు దిక్కుల ఎక్స్‌రే తెరలు చూస్తూ, మిల్లీమీటర్ల నాళంలో తీగ నడపాలి. గోడకు చిల్లు పడితే రోగి ప్రాణానికే ముప్పు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇక మన్యం. డోలీ మోతలు ఇప్పటికీ ఆగలేదు. 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. క్యాథ్‌ల్యాబ్ కొండెక్కేదాకా ఆగనక్కర్లేదు. రాత్రీ పగలూ నడిచే సీటీ స్కాన్, గడ్డ కరిగించే మందు, స్కాన్‌ను విశాఖ నిపుణుడి ఫోనుకు పంపే ఏర్పాటు ముందు కావాలి. పక్షవాతం గడ్డ వల్లనో, రక్తస్రావం వల్లనో స్కాన్ చూడకుండా చెప్పలేం. రెండోదైతే ఆ మందు హాని చేస్తుంది. కొండల రాష్ట్రమైన హిమాచల్ ప్రదేశ్ 2014లోనే స్మార్ట్‌ఫోన్లతో జిల్లా ఆసుపత్రులను నాడీవైద్యులకు కలిపింది. మనకూ అది సాధ్యమే.

ఆదివాసీ పిల్లల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ రక్తవ్యాధి ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. తలపై పెట్టి చేసే డాప్లర్ పరీక్షతో ముప్పు ముందే పసిగట్టి, క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే తొలి పక్షవాతాన్ని 90 శాతానికి పైగా తగ్గించవచ్చని 1998లో రుజువైంది. కేంద్రం 2023లో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఈ పరీక్ష కొండ మీది ఆసుపత్రుల్లోనూ అందాలి.

బీపీ చూడటం, చుట్ట మానిపించడం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి చెప్పడం గూడెంలోనే జరగాలి. ఆ మాటలు ఆదివాసీ ఒడియాలో, కువిలో వినిపించాలి. జబ్బు చేస్తే ముందు సంప్రదాయ వైద్యుడు దిసారి దగ్గరికి వెళ్లే ఊళ్లలో ఆయననూ కలుపుకోవాలి. రోగి చేరగానే నిపుణుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు? ఎవరికి ఇంజెక్షన్, ఎవరికి గడ్డ తీయడం అన్నది ఆ జవాబుతోనే మొదలవుతుంది. ఆ సమయాన్ని చీటీ మీద రాసి పంపే ఆశ కార్యకర్త, విశాఖలో తీగ నడిపే నిపుణుడితో సమానంగా ఆ చికిత్సలో భాగస్వామి. ఆమెకు శిక్షణ ఇవ్వడానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.