గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: లక్షణాలకు ముందే పరీక్ష

మహిళలకు వచ్చే క్యాన్సర్లలో రాకుండా నివారించడానికి, తొలిదశకు ముందే గుర్తించడానికి అత్యంత అనువైనది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో సుమారు 1.27 లక్షల మంది కొత్తగా ఈ వ్యాధి బారిన పడ్డారు. దాదాపు 80 వేల మంది మరణించారు. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30–49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం లోపే. నివారణ సాధ్యమైన వ్యాధి ఇంతమందిని బలిగొనడానికి ఈ అంతరమే ప్రధాన కారణం.

కారణం ఏమిటి?

గర్భాశయం కింది భాగం యోనిలోకి తెరుచుకునే చోటును గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇందులో అనేక రకాలు ఉన్నా, 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో వైద్యశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది.

లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించే ఈ వైరస్ స్త్రీ పురుషుల్లో అధిక శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. కాబట్టి దీన్ని ఎవరి నడవడికతోనూ ముడిపెట్టడం తగదు. చాలామందిలో రోగనిరోధక శక్తి రెండేళ్లలోపే వైరస్‌ను తొలగిస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది నిలిచిపోయి కణాల్లో మార్పులు తెస్తుంది. ఆ మార్పులు క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ వ్యవధి బాగా తక్కువ. పొగతాగే అలవాటు కూడా ముప్పును పెంచుతుంది.

ఈ సుదీర్ఘ వ్యవధిలో శరీరం ఏ సూచనా ఇవ్వదు. నొప్పి గానీ, రక్తస్రావం గానీ ఉండవు. అందుకే ఆరోగ్యంగా ఉన్నామనుకున్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి.

టీకా ఎవరికి?

వైరస్ సోకకముందే ఇస్తే టీకా పూర్తి ప్రయోజనం ఇస్తుంది. అందువల్ల 9–14 ఏళ్ల బాలికలకు ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఈ వయసువారికి ఒకటి లేదా రెండు డోసులు సరిపోతాయని 2022లో పేర్కొంది. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన తొలి దేశీయ హెచ్‌పీవీ టీకా ‘సెర్వావ్యాక్’కు అదే ఏడాది భారత ఔషధ నియంత్రణ విభాగం అనుమతి లభించింది. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు. అన్ని రకాల హెచ్‌పీవీ నుంచీ రక్షణ ఇవ్వదు. కనుక టీకా వేయించుకున్నవారికీ తగిన వయసులో పరీక్షలు అవసరమే.

మూడు పరీక్షలు

మొదటిది వీఐఏ. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది, నిమిషం తర్వాత పరిశీలిస్తారు. మార్పు చెందిన కణజాలం తెల్లగా కనిపిస్తుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. ముంబయి మురికివాడల్లో సుమారు 1.5 లక్షల మంది మహిళలతో టాటా మెమోరియల్ ఆసుపత్రి జరిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయడంతో మరణాలు 31 శాతం తగ్గాయి. అయితే ముట్లుడిగిన మహిళలకు ఇది అంతగా ఉపకరించదు.

రెండోది పాప్ పరీక్ష. ముఖద్వారం నుంచి కణాలను సేకరించి సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు.

మూడోది హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. కణాల్లో మార్పు రాకముందే ప్రమాదకర వైరస్ ఉనికిని ఇది పట్టిస్తుంది. నమూనాను మహిళలు తామే సేకరించి ఇచ్చే వీలుండటం దీని ప్రత్యేకత. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన అధ్యయనంలో, ఒక్కసారి ఈ పరీక్ష చేసి అవసరమైనవారికి చికిత్స అందించడంతో మరణాలు దాదాపు సగానికి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. 30 ఏళ్ల నుంచి 5–10 ఏళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్లకే మొదలుపెట్టి, 3–5 ఏళ్లకోసారి చేయించుకోవాలి.

ఈ పరీక్షలకు మత్తుమందు, కోత అవసరం లేదు. కొద్ది నిమిషాల్లో పూర్తవుతాయి. నెలసరి రోజుల్లో మాత్రం చేయించుకోకూడదు.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు

పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. అవసరమైతే కాల్పోస్కోపీతో నిశితంగా పరిశీలించి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్‌కు ముందరి మార్పులు ఉంటే ఆ భాగాన్ని శీతల లేదా ఉష్ణ చికిత్సతో నిర్మూలిస్తారు, లేదా ఆ మేరకు తొలగిస్తారు. చాలా సందర్భాల్లో ఆసుపత్రిలో ఉండనక్కర్లేదు. గర్భాశయం యథాతథంగా ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల మహిళలు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అధికంగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తెల్లబట్టకు చాలావరకు సాధారణ ఇన్‌ఫెక్షన్లే కారణం. అవి మందులతో తగ్గుతాయి. ‘రేపు క్యాన్సర్ వస్తుందేమో’ అన్న భయంతో గర్భసంచి తీయించుకునే ముందు, ముఖద్వార పరీక్ష జరిగిందా అని వైద్యులను అడగాలి. గర్భసంచిని తీసినా ముఖద్వారాన్ని ఉంచినవారికి పరీక్షలు కొనసాగాలి.

ఎక్కడికి వెళ్లాలి?

30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహంతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయడం జాతీయ కార్యక్రమంలో భాగం. సమీపంలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదా ఆశా, ఏఎన్ఎం కార్యకర్తల ద్వారా వివరాలు తెలుసుకోవచ్చు.

కలయిక తర్వాత రక్తస్రావం, నెలసరుల మధ్య లేదా ముట్లుడిగాక రక్తం కనిపించడం, దుర్వాసనతో కూడిన స్రావం, తగ్గని పొత్తికడుపు నొప్పి ఉంటే ముందస్తు పరీక్షల వయసు, గడువు లెక్కలతో పని లేదు. వెంటనే స్త్రీవైద్య నిపుణులను సంప్రదించాలి.

2030 నాటికి 15 ఏళ్లలోపు బాలికల్లో 90 శాతం మందికి టీకా, 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి 70 శాతం మహిళలకు పరీక్ష, వ్యాధి గుర్తించినవారిలో 90 శాతానికి చికిత్స అన్నది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన లక్ష్యం. కుటుంబాల స్థాయిలో దీనికి అర్థం ఒక్కటే: కూతురికి టీకా వేయించే రోజునే తల్లి కూడా పరీక్ష చేయించుకోవాలి.