గాయం మానినా నొప్పి పోవట్లేదా? మాజీ సైనికులు, వారి కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సినవి ఇవే!

వత్సవాయి (ఎన్టీఆర్ జిల్లా): సర్వీసు ముగిసి ఏళ్లు గడిచాయి. గాయం మానిపోయింది. అయినా చలిగాలి తగిలినా, పత్తి చేలో గంటసేపు వంగి పనిచేసినా కాలు లాగేస్తుంది. వెంటనే మెడికల్ షాపులో ఓ గోలీ, లేదంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఓ ఇంజెక్షన్. వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో ఒళ్లు నొప్పులంటే చాలామంది చేసేది ఇదే. కానీ యుద్ధ గాయాలున్న మాజీ సైనికులకు ఈ అలవాటు ముప్పు తెచ్చిపెడుతుంది.

1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది జవాన్లు అమరులయ్యారు. గాయపడినవాళ్లు 1,363 మంది. ఇలా గాయాలతో తిరిగొచ్చిన వాళ్లలో కొందరిని నొప్పి ఏళ్ల తరబడి వదలదు. మరి దానికి వైద్యం ఉందా? ఉంది.

మానిన గాయం ఎందుకు నొప్పెడుతుంది?

తూటా, మందుపాతర ముక్కలు కండతో పాటు నరాన్ని కూడా దెబ్బతీస్తాయి. పైన చర్మం అతుక్కున్నా లోపలి నరం పాడైపోయి మెదడుకు తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. మంట, కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండటం, సూదులు గుచ్చినట్టు ఉండటం దీని లక్షణాలు. 3 నెలలు దాటినా తగ్గని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. అంటే ఇది ఓర్చుకోలేకపోవడం కాదు, వైద్యం చేయాల్సిన జబ్బు.

లేని కాలు నొప్పి పుడుతుందా?

పుడుతుంది. కాలో చెయ్యో తీసేసిన తర్వాత కూడా అక్కడే నొప్పి ఉన్నట్టు చాలామందికి అనిపిస్తుంది. దీన్నే ఫాంటమ్ నొప్పి అంటారు. ఇది భ్రమ కాదు. ఆ అవయవానికి సంబంధించిన మెదడు భాగం ఇంకా పనిచేస్తుండటం దీనికి ఓ కారణమని భావిస్తారు. 1990లలో భారత సంతతి శాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ దీనికి అద్దం వైద్యం కనిపెట్టారు. ఉన్న కాలు ముందు అద్దం పెట్టి కదిలిస్తే, లేని కాలే కదులుతున్నట్టు మెదడుకు కనిపిస్తుంది. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో కాలు కోల్పోయిన వాళ్లపై దీన్ని పరీక్షించారు. రోజుకు 15 నిమిషాల చొప్పున 4 వారాలు చేసిన 6 మందిలోనూ నొప్పి తగ్గింది. ఈ ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. పరీక్ష చిన్నదే అయినా ఖర్చు పెద్దగా లేని వైద్యం ఇది. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

గోలీలతో నెట్టుకొస్తే ఏమవుతుంది?

డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు నెలల తరబడి వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బు ఎంత నరకమో ఇదే జిల్లాలోని ఎ.కొండూరు మండలం ఏళ్లుగా చూస్తోంది. పైగా నరాల నొప్పికి ఈ మందులు సరిగా పనిచేయవు. దానికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందులున్నాయి. డాక్టర్ చెప్పిన డోసులోనే వాడాలి. ఉన్నట్టుండి మానేయకూడదు.

ట్రమడాల్ అలవాటుగా మారే ప్రమాదం ఉంది. అందుకే 2018లో దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. చీటీ లేకుండా కొనొద్దు. ఇక తీవ్రమైన నొప్పితో అవసరమైన రోగులకు మార్ఫిన్ అందేలా 2014లో అదే చట్టాన్ని సవరించారు. గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో డాక్టర్ పర్యవేక్షణలో ఇస్తారు.

మందులొక్కటే కాదు. ఫిజియోథెరపీ, నొప్పి మోసే నరం దగ్గర ఇచ్చే నెర్వ్ బ్లాక్ ఇంజెక్షన్లు, సరిగ్గా అమరిన కృత్రిమ కాలు కూడా వైద్యంలో భాగమే. పుణెలోని సైన్యం ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి ఇదే పని చేస్తోంది.

వత్సవాయి నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మాజీ సైనికుల కోసం ఈసీహెచ్ఎస్ ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పెన్షన్ తీసుకునే మాజీ సైనికులు, వారి జీవిత భాగస్వామి, వారిపై ఆధారపడిన కుటుంబసభ్యులు ఇందులో చేరొచ్చు. ఈ ప్రాంతం వాళ్లకు విజయవాడలో ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ ఉంది. జగ్గయ్యపేట నుంచి హైవే మీద సుమారు 75 కిలోమీటర్లు.

* ముందు పాలీక్లినిక్ డాక్టర్‌ను కలవాలి. స్పెషలిస్టు అవసరమైతే అక్కడే రిఫరల్ రాయించుకోవాలి. అది ఉంటే జాబితాలోని ఆస్పత్రుల్లో క్యాష్‌లెస్ వైద్యం అందుతుంది.
* ఎమర్జెన్సీ అయితే రిఫరల్ కోసం ఆగొద్దు. దగ్గర్లోని ఆస్పత్రిలో చేరి, 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు సమాచారం ఇవ్వాలి.
* డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లాలి.
* కార్డు, పెన్షన్ సమస్యలుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగొచ్చు.
* ఒంట్లో తూటా, ఇనుప ముక్కలు మిగిలి ఉంటే ఎంఆర్ఐ తీసేముందే చెప్పాలి. స్కానర్ అయస్కాంతానికి అవి కదిలితే ప్రమాదం.

వెళ్లేముందు ఓ రెండు వారాలు నొప్పి డైరీ రాసి చూడండి. ఎప్పుడు వస్తోంది, 10కి ఎన్ని మార్కుల నొప్పి, నిద్ర పడుతోందా, ఏ మాత్రలు వేసుకున్నారు? ఈ నాలుగూ రాసుకెళ్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

పాత గాయం ఎర్రబడి జ్వరం రావడం, ఉన్నట్టుండి కాళ్లలో బలం తగ్గడం, మల మూత్రాలపై పట్టు తప్పడం.. ఇవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లో వాళ్లు గమనించాల్సిందేంటి?

నిద్రలో ఉలిక్కిపడటం, చిరాకు, మందుకు అలవాటు పడటం నొప్పితో ముడిపడి ఉండొచ్చు. నొప్పి మాత్రలపై మద్యం తాగితే కడుపులో రక్తస్రావం కావొచ్చు. ట్రమడాల్, ప్రీగాబాలిన్ లాంటివి వేసుకుని తాగితే ఊపిరికే ముప్పు. మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైన్యంలో పనిచేసినవాడు నొప్పి అని చెప్పుకోవడానికి మొహమాటపడతాడు. అందుకే ముందుగా అడగాల్సింది ఇంట్లోవాళ్లే.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మానాలన్నా డాక్టర్‌ను సంప్రదించండి.)