సేద్యపు మాటలు - పల్లె సంపద

భూమిని దున్నుటకు నాగలి యెంత యవసరమో, సేద్యపు అనుభవమును తరతరములకు అందించుటకు మాటయు నంత యవసరము. ఉత్తరాంధ్ర పల్లెలలో రాగులను చోళ్లనియు, సజ్జలను గంటెలనియు అందురు. ఆ చోళ్లే తెలంగాణమున తైదలు. విత్తనము నిచ్చువాడు ఈ భేదము నెరుగనిచో రైతు అడిగినదొకటి, చేతికందునది మరియొకటి యగును.

పశువుల సంతలో మాటయే ధరను నిర్ణయించును. పెయ్య, కోడె, పడ్డ అను పేళ్లు ఆడమగ తేడాను, ఈడును తెల్పును. చూడియావు ఈనబోవునది, పాడియావు పాలిచ్చునది, వట్టిపోయినది పాలు మానినది, గొడ్డుటావు ఈననిది. ఈ మాటల నెరుగక కొన్న పేదవాని యేడాది కష్టము ఒక్క బేరములో పోవును.

రైతుల నోట నున్న ఇట్టి పదములను సేకరించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటమును ప్రకటించినది.

విమానాశ్రయము కొరకు పొలములు సేకరింపబడిన భోగాపురమున ఆ పని నేడు మరింత అవసరము. దున్నుట మానిన చోట మాటలు వృద్ధుల నోటనే మిగులును. వారు చెప్పగా వ్రాసి భద్రపరచుటకు గ్రంథాలయముకంటె తగిన తావు లేదు.