భట్టిప్రోలు స్తూపం నేర్పే పాఠం: వారసత్వ పరిరక్షణలో ప్రభుత్వం, విశ్వవిద్యాలయం

5.1 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:

• భట్టిప్రోలు స్తూపం దెబ్బతిన్న తీరును, దానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• పురావస్తు శిక్షణలో ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయాలకు మధ్య సంబంధం ఎలా ఏర్పడిందో చెప్పగలుగుతారు.
• నేటి సాంకేతిక పద్ధతుల ఉపయోగాన్ని, పరిమితులను గుర్తించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక చారిత్రక స్థలాన్ని నమోదు చేసే విధానాన్ని తెలుసుకుంటారు.

5.2 పరిచయం

తెనాలిలో రేపల్లె రైలెక్కితే, వేమూరు దాటి రేపల్లె చేరేలోపు భట్టిప్రోలు స్టేషను వస్తుంది. ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు ఆ దారిలో రోజూ ప్రయాణించేవారే అయి ఉంటారు. ఊళ్లో ఉన్న దిబ్బ క్రీస్తుపూర్వ కాలపు బౌద్ధ స్తూపమని, అక్కడ దొరికిన శాసనాలు దక్షిణ భారత లిపుల చరిత్రకు మూలాధారాలలో ఒకటని మీరు ముందు పాఠాలలో చదివారు. ఈ పాఠంలో ఆ స్తూపం గొప్పదనాన్ని మళ్లీ వర్ణించబోవడం లేదు. వేరొక ప్రశ్న వేసుకుందాం. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన కట్టడం పంతొమ్మిదో శతాబ్దంలో కొద్ది సంవత్సరాలలోనే ఎలా కరిగిపోయింది? అలాంటి నష్టం మళ్లీ జరగకుండా ఆపగలిగేది ఏది? చట్టమా, డబ్బా, చదువా?

5.3 ఇటుకల గనిగా మారిన స్తూపం

1852–55 మధ్య బెజవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట నిర్మించారు. దాని వెంట డెల్టాలో కాలువలు, తూములు, రోడ్లు వచ్చాయి. డెల్టా అంతా ఒండ్రునేల. ఇక్కడ రాయి దొరకదు. కట్టుబడికి కావలసిన సామగ్రిని దూరం నుంచి తేవాలి, లేదా అక్కడే ఇటుక కాల్చుకోవాలి. అటువంటి చోట, బాగా కాలిన పెద్ద పెద్ద ఇటుకలతో నిండిన దిబ్బ కళ్లెదుట ఉంటే పనులు చేయించేవారికి అది సిద్ధంగా ఉన్న గనిలా కనిపించింది. భట్టిప్రోలు దిబ్బలోని ఇటుకలు రోడ్డు పనులకు పోయాయి. చలువరాతి పలకలు వెల్లటూరు దగ్గరి కాలువ తూములోకి చేరాయి.

ఇందులో మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. స్తూపాన్ని తవ్వించింది దోపిడీదారులు కాదు. ఊరికి నీరు, దారి తేవడానికి పనిచేస్తున్న ప్రభుత్వ శాఖే. ఆ పనులు ప్రజలకు అవసరమైనవే. 1861లో భారత పురావస్తు సర్వే ఏర్పడింది కాబట్టి, పాత కట్టడాలకు విలువ ఉందన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిదీ కాదు. అయినా పని జరిగే చోట, ఆ ఇటుక పరిమాణాన్ని చూసి దాని కాలాన్ని ఊహించగలవారు, పని ఆపించగలవారు లేరు. దస్త్రంలో ఉన్న జ్ఞానం పలుగు పట్టిన చేతి దాకా రాలేదు. పరిరక్షణకు శిక్షణ ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన ప్రాంతంలో లేదు.

5.4 1892: మద్రాసు తవ్వకం, వియన్నా పఠనం

మిగిలిన దిబ్బను 1892లో మద్రాసు ప్రభుత్వపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ శాస్త్రీయంగా తవ్వారు. స్తూపం నడిమి భాగంలో ధాతువులను భద్రపరచిన మూడు రాతి కరండాలు, వాటిలో స్ఫటిక పేటిక, బంగారు పూలు, పూసలు వంటివి బయటపడ్డాయి. కరండాల మూతల మీద, అంచుల మీద ప్రాకృత భాషలో శాసనాలు ఉన్నాయి. రీ తన నివేదికను 1894లో ప్రచురించారు.

శాసనాలను పరిష్కరించి ప్రకటించినవారు జార్జ్ బ్యూలర్. ఆయన అప్పుడు వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఈ లిపిలోని కొన్ని అక్షరాలు అశోకుని బ్రాహ్మికి భిన్నంగా ఉన్నాయని, హల్లులోని అకారాన్ని కూడా ఇక్కడ ప్రత్యేక గుర్తుతో చూపించారని ఆయన గుర్తించారు. శాసనాల కాలం గురించి పండితులలో నేటికీ భేదాభిప్రాయాలు ఉన్నాయి. లిపి ప్రాధాన్యం గురించి మాత్రం లేవు.

ఈ ఘట్టాన్ని మన అంశం వైపు నుంచి చూడండి. తవ్వకానికి అధికారం, నిధులు, మనుషులు ప్రభుత్వానివి. చదవగలిగిన విద్య విశ్వవిద్యాలయానిది. రీ లేకపోతే కరండాలు కూడా ఇటుకల దారినే పోయేవి. బ్యూలర్ లేకపోతే అవి చాలాకాలం చదవని అక్షరాలున్న రాళ్లుగానే ఉండేవి. అయితే ఇది వ్యక్తుల మధ్య కుదిరిన సహకారమే తప్ప వ్యవస్థ కాదు. పైగా చదివిన విశ్వవిద్యాలయం ఐరోపాలో ఉంది. దొరికిన వస్తువులు మద్రాసు మ్యూజియానికి చేరాయి. భట్టిప్రోలులో వాటిని చదవగల మనిషి ఒక్కరూ తయారు కాలేదు.

మరో ఆసక్తికరమైన సంగతి. ఆ శాసనాలలోనే కుబీరకుడనే రాజు పేరు, గోష్ఠి, నిగమం అనే సంఘాల ప్రస్తావన ఉన్నాయి. రాజు ఒక గోష్ఠికి ముఖ్యుడుగా, సభ్యులతో కలిసి పేటికను సమర్పించినట్లు శాసనం చెబుతుంది. స్తూప నిర్మాణంలో రాజ్యాధికారం, పౌర సంఘం కలిసి నడిచాయన్నమాట. పరిరక్షణకు కూడా ఆ రెండూ అవసరమే.

5.5 శిక్షణ ఒక వ్యవస్థగా మారడం

1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన మనుషులు తయారు కారు. ఈ లోటును గుర్తించినవారు 1944లో పురావస్తు సర్వే డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్. ఆయన ఆ సంవత్సరమే తక్షశిలలో శిక్షణ శిబిరం నడిపి, వివిధ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు పొరల వారీ తవ్వకం నేర్పారు. 1945లో కేంద్ర పురావస్తు సలహా మండలి ఏర్పడింది. సర్వేకు, పురావస్తు పరిశోధన చేసే విశ్వవిద్యాలయాలకు మధ్య దగ్గరి సంబంధం కల్పించడం దాని ఉద్దేశాలలో ఒకటి. 1959లో సర్వే ఆధ్వర్యంలో పురావస్తు పాఠశాల మొదలైంది. అదే నేడు గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ. విశ్వవిద్యాలయాలలో పీజీ పూర్తి చేసినవారికి అక్కడ క్షేత్రస్థాయి శిక్షణ ఇస్తారు.

ఫలితం ఎక్కడ కనిపించింది? మళ్లీ కృష్ణా నది మీదే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ జలాశయంలో నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన ప్రత్యేక తవ్వకాలు జరిగాయి. వందకు పైగా స్థలాలను పరిశీలించి, ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని విప్పి కొండపైన, అనుపు వద్ద తిరిగి నిర్మించారు. మరికొన్నింటికి నమూనాలు చేశారు.

5.6 ఒకే నది, రెండు ఆనకట్టలు

బెజవాడ ఆనకట్టను, నాగార్జునసాగర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య సుమారు నూరేళ్లు. రెండూ సాగునీటి కోసమే. మొదటిదాని కాలువల వెంట స్తూపం ఇటుకలుగా అమరిపోయింది. రెండోదాని కోసం లోయను వదులుకోక తప్పకపోయినా, వదులుకునే ముందు తవ్వి, కొలిచి, చిత్రించి, మోయగలిగినంత మోసుకొచ్చారు. మధ్యలో వచ్చిన మార్పు చట్టం ఒక్కటే కాదు. స్వతంత్ర దేశపు దృక్పథం ఒక కారణం, శిక్షణ పొందిన తరం సిద్ధంగా ఉండడం మరొక కారణం.

దీన్ని సంపూర్ణ విజయంగా కూడా భావించవద్దు. లోయ నీటి అడుగునే ఉంది. తరలించిన కట్టడం తన చోటును కోల్పోతుంది. పరిరక్షణలో చాలా నిర్ణయాలు ఇటువంటి రాజీలే. రాజీ తెలివైనదా కాదా అని తేల్చడానికే విద్య కావాలి.

5.7 నేటి సంస్థలు, సాంకేతికత

తెనాలికి దగ్గర్లోనే, నంబూరు వద్ద, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై 1976లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2008లో నెలకొల్పిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలో ఉంది. కట్టడాల పరిరక్షణలో పీజీ చదువు అక్కడ లభిస్తుంది. చెన్నై ఐఐటీలో కేంద్ర ప్రభుత్వ సహకారంతో వారసత్వ కట్టడాల భద్రతకు జాతీయ కేంద్రం పనిచేస్తున్నది. పగుళ్లు, పునాదుల కుంగుబాటు, భూకంప ప్రభావం వంటివి అక్కడి ఇంజనీర్లు పరిశీలిస్తారు. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి పరిశీలన ముందుగానే క్రమంగా జరగడం ఎందుకు అవసరమో ఆ సంఘటన చూపింది.

ఇతర దేశాలలోనూ ఇదే దారి. అమెరికాలో 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టాన్ని 1992లో సవరించి, పరిరక్షణ సాంకేతికత, శిక్షణల కోసం జాతీయ కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. అది లూసియానా రాష్ట్రంలో ఒక చిన్న పట్టణపు విశ్వవిద్యాలయ ఆవరణలో పనిచేస్తున్నది. కేంద్రం ప్రభుత్వానిది, ఆవరణ విశ్వవిద్యాలయానిది. రాజధానిలో కాక చిన్న పట్టణంలో ఉండడం మనకు ముఖ్యమైన విషయం.

సాంకేతికత విషయానికి వస్తే, శాసనంపై తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పద్ధతి నేటికీ చెల్లుతుంది. దానికి తోడు డ్రోన్ చిత్రాలు, అనేక ఫోటోలను కలిపి త్రిమితీయ నమూనా చేసే పద్ధతి, తవ్వకుండానే భూమిలోని గోడలను పసిగట్టే రాడార్ వచ్చాయి. ఇవన్నీ చూపించేవే తప్ప కాపాడేవి కావు. గోడ పగులును డ్రోన్ చూపుతుంది. దాన్ని సున్నంతో పూడ్చాలా, సిమెంటుతో పూడ్చాలా అన్నది మనిషి తేల్చాలి. సిమెంటు పూత తేమను బయటికి పోనివ్వదు, పాత ఇటుక లోలోపలే పొడిబారుతుంది. సున్నం పనివాడి అనుభవం, ప్రయోగశాల పరీక్ష రెండూ కలిసినప్పుడే సరైన నిర్ణయం వస్తుంది.

5.8 మన మూడు పట్టణాల పరిధిలో

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక భట్టిప్రోలు, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్లలో భావనారాయణస్వామి ఆలయంలో మధ్యయుగ శాసనాలు ఉన్నాయి. చందోలు వెలనాటి చోడుల రాజధాని. ఈ స్థలాలన్నీ ఒక్కరోజు ప్రయాణంలో చుట్టిరాగలిగినంత దగ్గరలో ఉన్నాయి.

కేంద్ర సంరక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. 2010 సవరణతో ఈ నియమాలు గట్టిపడ్డాయి. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబానికి ఇది భారంగా తోచడం సహజం. హద్దు ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో స్థానిక భాషలో చెప్పేవారు లేకపోతే స్తూపం ఊరికి శత్రువవుతుంది. ఆ చెప్పే పని చేయగలిగినవారు మీరే.

మీ ఊరి గుడి, దిబ్బ, చెరువుగట్టు మీది రాయి, ఏదైనా ఒక్కటి ఎంచుకోండి. స్థలం, కొలతలు, ప్రస్తుత స్థితి, స్థానికులు పిలిచే పేరు రాయండి. ఫోటోలో పక్కన స్కేలు ఉంచండి. శాసనంపై సుద్దతో గీయవద్దు, నూనె రాయవద్దు, తవ్వవద్దు. లైసెన్సు లేని తవ్వకం నేరం. రాసినదాని ప్రతిని మీ అధ్యయన కేంద్రానికి, పురావస్తు శాఖకు ఇవ్వండి.

5.9 సారాంశం

భట్టిప్రోలు స్తూపం అజ్ఞానుల వల్ల కాక, జ్ఞానం పనిచోటికి చేరకపోవడం వల్ల దెబ్బతిన్నది. 1892లో ప్రభుత్వ తవ్వకం, విశ్వవిద్యాలయ పాండిత్యం కలిసి మిగిలినదానికి అర్థం కల్పించాయి. 1944 తర్వాత ఆ కలయిక వ్యవస్థగా మారింది. నాగార్జునకొండలో దాని ఫలితం కనిపించింది. ఇప్పుడు మిగిలి ఉన్న పని ఆ శిక్షణను జిల్లా, మండలం, ఊరి స్థాయికి తేవడం. వెల్లటూరు తూములోకి పోయిన పలకలు తిరిగి రావు. రేపు రోడ్డు వెడల్పు చేసే గుత్తేదారు పలుగుకు మరో పాత ఇటుక తగిలినప్పుడు, అది ఏమిటో చెప్పగలవారు అక్కడ ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు, పలకలు ఏ పనులకు వాడారు? డెల్టా నేల స్వభావానికి దీనితో గల సంబంధం ఏమిటి?
2. రీ, బ్యూలర్‌ల కృషిని ప్రభుత్వ–విశ్వవిద్యాలయ సహకారంగా చర్చించండి. దాని లోపాలేవి?
3. కృష్ణా నదిపై రెండు ఆనకట్టల కాలంలో వారసత్వం పట్ల వైఖరిని పోల్చండి.
4. "సాంకేతికత చూపిస్తుంది, కాపాడదు." మీ ప్రాంతపు ఉదాహరణతో వివరించండి.